గొడుగును కాదు, నన్ను కొట్టు

మా ఆయన ఒక వారపత్రికకు కత్తియుద్ధాల బొమ్మల కథలు వేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఇంట్లో మాత్రం దోమను కూడా చేత్తో కొట్టడు, పాత పుస్తకంతో విసిరి బయటికి సాగనంపుతాడు. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. పని కుదరకపోతే మాత్రం కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాడు.

సోమవారం నుంచి అదే తిరుగుడు. కథలో చివరి యుద్ధం, నాలుగు పేజీలు, ఎడిటర్ తిప్పి పంపాడు. "పోట్లాటలా లేదండీ, ఇద్దరూ కలిసి డాన్సు చేస్తున్నట్టుంది. గురువారం సాయంత్రంలోగా మార్చి ఇవ్వండి. లేదంటే వచ్చే కథ వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం" అన్నాడట.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు కాగితం బాగాలేదన్నాడు, తరవాత పెన్సిలు, ఆ తరవాత కిటికీలోంచి వచ్చే వెలుతురు. గీసిందల్లా చెరిపేశాడు. కంచం ముందు కూర్చుని చెంచాతో గాలిలో కత్తి తిప్పుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఈనాటిది కాదు. ఆయన పెన్సిలుతో గీసిన ప్రతి బొమ్మకూ ఇంకు దిద్దేది నేనే. పేరు మాత్రం ఆయనదొక్కటే పడుతుంది. నేను అడగలేదు. ఆయనకు తోచనూ లేదు.

గురువారం పొద్దున కుర్చీలు పక్కకు జరిపి, నా చేతికి పొడుగాటి చెక్క స్కేలు ఇచ్చాడు. తను గొడుగు పట్టుకున్నాడు.

"రా, నా మీదికి రా."

వెళ్ళి గొడుగు మీద టక్కున కొట్టాను. మళ్ళీ కొట్టాను. ఆయన ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"గొడుగునెందుకు కొడుతున్నావు?"

"మరి మీకు తగిలితే?"

పరుగున వెళ్ళి పాత సంచికలు ముందేసుకున్నాడు. అన్నేళ్ళ బొమ్మల్లో ప్రతి కత్తీ ఎదుటి కత్తి మీదికే పోతోంది. మనిషి మీదికి ఒక్కటీ పోలేదు.

"వీళ్ళెవరికీ ఎదుటివాణ్ణి కొట్టాలనే లేదే!" మొహం పాలిపోయింది. "మళ్ళీ రా. గొడుగును కాదు, నన్ను కొట్టు."

కొట్టాను. ఆలోచించి కొట్టలేదు. దెబ్బ భుజం మీద పడింది. ఆయన గొడుగు ఆలస్యంగా లేచింది, మడమ వెనక్కి జారింది, వెళ్ళి గోడకు ఆనుకున్నాడు. నాకు ఇంకోటి వేయాలని కూడా అనిపించింది, అబద్ధమెందుకు? ఆయన భుజమైనా రుద్దుకోకుండా బల్ల దగ్గరికి పరుగెత్తాడు.

మధ్యాహ్నానికి పేజీలు నా ముందున్నాయి. కథానాయకుడి మడమ జారుతోంది, కత్తి సగమే లేచింది. మీదికొస్తున్న సేనాపతికి గుబురు మీసాలున్నాయి, కళ్ళు మాత్రం నావి. వాటిని చూసి నాకే భయమేసింది. కుంచెతో కనుబొమ రవ్వంత పైకి లేపితే చాలు, ఆ కోపం తగ్గిపోతుంది. లేపలేదు. ఉన్నదున్నట్టు దిద్దాను.

మర్నాడు ఎడిటర్ ఫోన్ చేశాడు. బొమ్మలు అదిరిపోయాయట, వచ్చే కథ కూడా ఆయనకేనట. సంతోషం పట్టలేక మళ్ళీ తిరుగుతాడనుకున్నాను. ఫోన్ పెట్టేసి నా ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న నువ్వు నిజంగా నన్నే కొట్టావు కదూ?"

"మిమ్మల్నే."

"ఎందుకు?"

ఈ మాట అడుగుతాడని ఎన్నేళ్ళు చూశానో. బల్ల మీది సంచిక ఒకటి లాగి, ఆయన పేరు పక్కనున్న ఖాళీ మీద వేలు పెట్టాను.