గడియార స్తంభంలో ఇరవై ఒకటో మనిషి

రాజధాని చూడటానికి వచ్చినవాళ్లు గడియార స్తంభం ఎక్కకుండా వెళ్లరు. నూట నలభై మెట్లు, ఒక్క మనిషి పట్టేంత ఇరుకు. ముందు జెండా పట్టుకుని గైడు, వెనక ఇరవై మంది, అందరికన్నా చివర్న ‘తోక’. పైన ఎవరూ చిక్కుకుపోకుండా చూసుకునే మనిషిని అక్కడ తోక అంటారు. దిగాక గైడు తోకతో కలిపి తలలు లెక్కపెట్టి ‘ఇరవై ఒకటి’ అని గట్టిగా చెబితేనే తలుపుకు తాళం పడుతుంది.

పంతొమ్మిదేళ్లు ఆ జెండా ఒక్క గైడుదే, తోక పని ఆయన భార్యది. అందరికీ ఆవిడ తోకమ్మే. “మీకేం, జెండా ఊపుకుంటూ పోతారు. ఈ మోకాళ్లతో చచ్చేది నేను,” అని సణుగుతూనే ఎక్కేది. నిరుడు జ్వరమని పడుకుంది, మళ్లీ లేవలేదు. ఆ పనికి మేనేజరు ఇంకెవరినీ పెట్టలేదు. పొదుపట, పొదుపు!

నెల తిరక్కుండానే గైడు పనిలోకి వచ్చాడు. ఇరవై మందినీ దించి తలుపు మూయబోతుంటే, మెట్ల మీద చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో దిగుతున్న చప్పుడు. ఒక మెట్టు, కాస్త ఆగడం, ఇంకో మెట్టు. గడప దాకా వచ్చి ఆగింది. ఆయన నోటివెంట “ఇరవై ఒకటి” అని వచ్చేసింది. అమ్మో, ఎవరో మిగిలిపోయారని వాచ్‌మన్ పైదాకా పరుగెత్తాడు. పిట్ట కూడా లేదు.

ఆ తర్వాత రోజూ అదే వరస. గైడుకు ఒళ్లు జలదరించేది. అయినా తలుపు కాసేపు తెరిచే ఉంచేవాడు.

మేనేజరుకు ఒళ్లు మండింది. తర్వాతి గుంపులో ఎక్కాల్సినవాళ్లు ఆలస్యానికి తిట్టిపోస్తున్నారు మరి! ఒకనాడు తనే వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు.

“ఇవాళ కూడా లెక్క తప్పారంటే మిమ్మల్ని మ్యూజియంకి మార్చేస్తాను. ఈ మెట్ల మొహం మళ్లీ చూడరు.”

గైడు మెట్లవైపు చూశాడు. ఇక్కణ్నించి తీసేస్తే ఆవిడ చప్పుడు ఇంకెక్కడ వినాలి?

ఇరవై మందీ దిగారు. చెప్పుల చప్పుడు మొదలైంది, ఈసారి మరీ నెమ్మదిగా. గడప దగ్గరకొచ్చి ఆగింది.

“ఎంతమంది?” అన్నాడు మేనేజరు.

“ఇరవై.”

“ఇంకెవరూ లేరుగా?”

“ఎవరూ లేరండీ,” అన్నాడు గైడు.

తాళం పడింది. మేనేజరు ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు ఇరవై మందీ దిగారు. గైడు తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. మెట్ల మీద ఏ చప్పుడూ లేదు.

“ఇరవయ్యేగా సార్? తాళం వేసేయనా?” అన్నాడు వాచ్‌మన్.

గైడు జెండా గోడకానించాడు. చీకటి మెట్లలోకి తల పెట్టి, “దిగి రావే,” అని పిలిచాడు. “నిన్న నేను అబద్ధం చెప్పాను.”