దేవరాజులు గొంతు లేని రికార్డింగు

చిత్తూరు బజారువీధిలో దేవరాజులు క్యాసెట్ల అంగడి పెట్టింది 1991లో. ఖాళీ క్యాసెట్టు తెచ్చిస్తే అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. అయితే ఆయనకు పేరొచ్చింది హరికథల వల్ల. ఎండాకాలంలో ఆ చుట్టుపట్ల ఊళ్లలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఆ హరికథలను మైకు పక్కనే కూర్చుని టేపులోకి ఎక్కించుకొచ్చి అమ్మేవాడు. ఎదురంగడివాళ్లు వాటిని కాపీ కొట్టడం మొదలుపెట్టేసరికి ఆయనకు ఒళ్లు మండింది. ప్రతి పది నిమిషాలకూ కథ మీద తన గొంతు ఎక్కించాడు. "దేవరాజులు రికార్డింగ్ సెంటర్, బజారువీధి, చిత్తూరు!" అప్పట్లో చాలా క్యాసెట్ల అంగళ్లలో ఇదే పద్ధతి. కాకపోతే ఈయనకు తన గొంతు మీద మోజు కాస్త ఎక్కువ. ఏకంగా అసలు టేపుల మీదే ఎక్కించేశాడు. గొంతు కలపని కాపీ ఒకటి దాచుకోవాలన్న ఆలోచనే రాలేదు మహానుభావుడికి.

2007 వచ్చేసరికి క్యాసెట్టు అడిగే నాథుడు లేడు. అంగడిలో సగం సెల్‌ఫోన్ సామాన్లు, ఒక మూల కంప్యూటరు. అప్పుడు నవీన ఆయనను ఒక సైటులోకి పిలిచింది. ఆమె తిరుపతిలో ఒక కాలేజీలో తెలుగు చెబుతుంది, ఆయనకు పాత గిరాకీ. హరికథలు, వీధినాటకాలు పంచుకునేవాళ్ల గుంపు అది. లోపలున్నవాళ్లు పిలిస్తే తప్ప కొత్తవాళ్లను గడప తొక్కనివ్వరు. ఫైళ్లన్నీ ఒకచోట ఉండవు, సభ్యుల కంప్యూటర్లలోనే ఉంటాయి. మనకు కావలసింది ఇంకొకరి కంప్యూటర్లోంచి వస్తుంది, మన దాంట్లోంచి ఇంకొకరికి పోతుంది. ఎవరెంత తీసుకున్నారో ఎంత ఇచ్చారో పేరు పక్కనే అందరికీ కనిపిస్తుంది.

"తీసుకున్నదాంట్లో సగమన్నా నెల లోపల తిరిగి ఇయ్యాలన్నా. లేకుంటే నిన్ను తీసేస్తారు. నిన్ను పిలిసినందుకు నన్ను గూడా తీసేస్తారు," అని ఫోన్‌లో ముందే చెప్పింది.

"నా కాడ మున్నూరు క్యాసెట్లు ఉండాయి తల్లీ. నాకేం తక్కువ?"

మొదటి వారంలోనే నలభై హరికథలు దించుకున్నాడు. పెళ్లి భోజనానికి ఆకలిమీద పోయినవాడు కూడా అంత వడ్డించుకోడు. ఆ తర్వాత తీరిగ్గా తన క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి సైటులో పెట్టాడు. పెట్టినవి పెట్టినట్టే తీసేశారు. 'నడుమ ప్రకటనలున్న రికార్డింగులు ఇక్కడ చెల్లవు' అని నిర్వాహకులు రాశారు.

"నా కష్టం మీద నా పేరుంటే వీళ్లకేం నొప్పి?" అని ఎగిరాడు. ఆ ఉడుకులోనే ఒక క్యాసెట్టు పెట్టుకుని విన్నాడు. పలమనేరు ప్రేమానందం గారి హరికథ. నిండు సభలో ద్రౌపది దిక్కు లేక ఏడుస్తోంది. అయ్యవారి గొంతు బొంగురుపోయింది. వింటున్న జనం కిక్కురుమనలేదు. సరిగ్గా అక్కడ, "దేవరాజులు రికార్డింగ్ సెంటర్!" మొదట నవ్వొచ్చింది. వెంటనే సిగ్గుతో చచ్చిపోయాడు. పదహారేళ్లుగా ఆ పని చేస్తూ ఒక్కనాడూ కథ వినలేదని అప్పుడు తెలిసింది.

గడువు పన్నెండు రోజులే మిగిలింది. నవీన ఆరేళ్లుగా హరికథల మీద పుస్తకం రాస్తోంది. దానికి ఆధారమంతా ఆ సైటులోనే ఉంది. ఫోన్ చేసినప్పుడు కూడా ఆమె ఆయనను తప్పుపట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు.

మరునాడు పొద్దున్నే మైకు, టేప్‌రికార్డరు సంచిలో పెట్టుకుని పలమనేరు బస్సెక్కాడు. ప్రేమానందం హరికథ మానేసి నాలుగేళ్లయింది. వాకిట్లో కూర్చుని ఉన్న ముసలాయన చూడగానే గుర్తుపట్టాడు.

"ఏమప్పా బజారువీధీ! ఇన్నాళ్లకు వచ్చినావే."

దేవరాజులు సంగతంతా చెప్పి, ఒక్క కథ చెప్పమని అడిగాడు.

"నా ద్రౌపది ఏడస్తా ఉంటే నడుమ దూరి అంగడి పేరు అరిచినావు. ఆ క్యాసెట్టు ఇన్నప్పుడు నాకెట్లుండిందో తెలుసునా నీకు?"

"అప్పుడు తెలీలేదయ్యోరా. మొన్న నేనూ ఇన్నాను. తప్పు నాదే." దేవరాజులు మొహం ఎత్తలేకపోయాడు. "ఈసారి నోరు తెరవను. నా కోసరం గాదు, నన్ను నమ్మి పిలిసిన ఆ పాప కోసరం చెప్పండి."

ముసలాయన లేచాడు. లోపలికి పోయి చిరతలు తెచ్చుకున్నాడు. గొంతు మునుపటంత పైకి పోవడం లేదు గానీ ద్రౌపది మాత్రం అదే ద్రౌపది. రెండు గంటలసేపు దేవరాజులు కదల్లేదు. కళ్లనీళ్లు కారుతున్నా ముక్కు ఎగబీల్చలేదు, మైకులో పడుతుందని.

ఆ సాయంత్రమే కథను సైటులో పెట్టాడు. ఆ తర్వాత కంప్యూటరు ఆపనే లేదు. దాన్ని ఒక్కొక్కరు తీసుకున్నప్పుడల్లా ఆయన ఒక కథ ఇచ్చినట్టు లెక్క. మొదటి రోజు ముగ్గురు తీసుకున్నారు, రెండో రోజు తొమ్మిదిమంది. పేరు పక్కన అంకె మెల్లగా పెరుగుతుంటే అన్నం దగ్గర కూడా కుదురుగా కూర్చోలేకపోయాడు. ఇంకా మూడు రోజులుండగా సగం దాటింది.

"అన్నా, ఇద్దరమూ మిగిలినామన్నా!" అని నవీన ఫోన్‌లో కేకపెట్టింది.

ఈ మాట ముసలాయనకు నోటితో చెబితేనే బాగుంటుందని మళ్లీ పలమనేరు పోయాడు. కథ నలభై ఒక్కమంది తీసుకున్నారని, ఎక్కడెక్కడి ఊళ్లవాళ్లో తమ కంప్యూటర్లలో ఉంచుకున్నారని చెప్పాడు.

"అంటే నీ అంగడి మూతపడినా కథ ఉంటాదా?"

"ఉంటాదయ్యోరా. వాళ్లల్లో ఒక్కరు పెట్టుకోని ఉన్నా సాలు, అడిగినోళ్లకు దొరకతాది."

'అడిగినోళ్లకు' అన్న మాట ప్రేమానందం మనసుకు తగిలింది. నాలుగేళ్లుగా దేవరాజులు తప్ప ఆయనను ఎవరూ కథ అడగలేదు.

"నేను చెప్పింది ఒక్క రోజు కథే. మా భారతం పద్దెనిమిది రోజులప్పా. తక్కిన పదిహేడూ నా కాడనే ఉండిపోయినాయి. మైకు తెచ్చినావా?"

దేవరాజులు తేలేదు. కాఫీ కూడా తాగకుండా లేచి, మైకు కోసం చిత్తూరు బస్సు ఎక్కడానికి పరిగెత్తాడు.