యాలకుల కాటా మీద తూచిన కెమెరా

కొత్త కెమెరాకి కన్ను పెట్టి చూసే కంత లేదు. దీని ముందు వచ్చినదానికి ఉండేది. తీసేశారు. తీసేసి, అదేదో మనకు మేలు చేసినట్టు "ఇప్పుడు మరింత నాజూకుగా" అని ప్రకటించుకున్నారు.

కంపెనీ పేరు రాయను. రాస్తే వాళ్లకు ఉచితంగా ప్రచారం. ఫిలిం డబ్బాల మూతలు రేకు నుంచి ప్లాస్టిక్కుకి మార్చినప్పుడు కూడా ఎవరూ నన్ను అడగలేదు. అప్పుడు ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేదు.

మాది ఛత్రినాక. బస్సుల వర్క్‌షాపులో ముప్ఫైనాలుగేళ్లు లేత్ మిషన్ మీద పనిచేశాను. నా చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. ఇంగ్లీషు మాత్రం కెమెరాలతో వచ్చే పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో "నమస్కారం, బాగున్నారా" ఉండవు. "ఎండలో ఉంచరాదు, తడి తగలనీయరాదు, విప్పినచో మాది పూచీ కాదు" ఉంటాయి.

ఆదివారం పొద్దున్నే మేం నలుగురం కలుస్తాం, పప్పుల సేటు దుకాణంలో, షట్టర్ సగం ఎత్తి. సేటుది నాలుగు తరాల హోల్‌సేల్ వ్యాపారం, పప్పులూ మసాలా దినుసులూ. గుళ్ల గోపురాల ఫోటోలు తప్ప వేరేవి తీయడు, గోపురం కదలదు కాబట్టి. మలక్‌పేట నుంచి సిస్టరమ్మ వస్తుంది, పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆమెకు పిట్టలంటే పిచ్చి. నాలుగోవాడు చాంద్రాయణగుట్ట ఆటో భాయ్. ఫ్లైఓవర్ మీద సూర్యాస్తమయం తీయబోయి రెండుసార్లు చలాన్ కట్టాడు.

మాకొక పద్ధతి ఉంది. కొత్త కెమెరా ప్రకటించగానే దాని పొడవు, వెడల్పు, మందం, బరువు బయటికి చెబుతారు కదా. ఆ కొలతలకు నేను టేకు ముక్క కోసి, అంచులు నున్నగా చేసి, అడుగున తొలిచి ఇనుప నట్లు నింపుతాను. చివరి నాలుగైదు గ్రాములు సేటు కందిపప్పుతో సరిచేస్తాడు. యాలకులు తూచే చిన్న కాటా మీద పెట్టి, అంకె ఆగేదాకా ఒక్కొక్క బద్దా వేస్తాడు. తర్వాత మూత పెట్టి మరమేకు బిగిస్తాం. ఆ చెక్కను ఒక్కొక్కరం ఒక్కో వారం జేబులో పెట్టుకుని తిరిగి, ఆదివారం నాడు ఎలా ఉందో చెప్పాలి. నలుగురూ మోశాక తీర్పు. ఇలా ఇప్పటికి పదకొండు కెమెరాలు తూచాం, ఒకటి కొన్నాం. దుకాణంలో కెమెరా పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడితే సేల్స్‌మన్ "సార్, తీసుకుంటున్నారా?" అంటాడు. చెక్క అలా అడగదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఆదివారం ఆటో భాయ్ ఫోన్‌ను శనగల బస్తాకు ఆనించి కొత్త కెమెరా వీడియో పెట్టాడు. నల్లటి చీకట్లో కెమెరా పెళ్లికూతురిలా మెల్లగా తిరుగుతోంది.

"వెనుకకు తిప్పు భాయ్," అన్నాను.

"వెనుకకే తిరిగింది చాచా."

"మరి కంత ఏది?"

"కంత లేదు. పూరా స్క్రీనే."

"నిలుపు. మళ్ల పెట్టు."

మూడుసార్లు పెట్టించాను. మూడుసార్లూ లేదు.

సేటు నవ్వాడు. "కంత గావాల్నంటె మా గోదాముకు రా అన్నా. ఎలుకలు మస్తు జేసి పెట్టినయి. ఏ కంతల కావాల్నంటె ఆ కంతల కన్ను పెట్టుకో."

"నీ గోపురాలు యాడికి పోవు సేటూ. నువ్వు కండ్లు మూసుకోని తీసినా వస్తయి," అన్నాను.

ఎందుకంత ఉడుకుమోత్తనం అంటే చెబుతాను. నా కుడిచెయ్యి వణుకుతుంది. కెమెరాను నుదుటికి ఆనించి, మోచేతులు డొక్కలకు అదిమి పెడితే వణుకు ఆగుతుంది. చెయ్యి చాచి స్క్రీన్‌లో చూస్తే అమ్మవారి ఘటం కూడా నాతో పాటు వణుకుతుంది. పైగా ఆషాఢం ఎండలో ఆ స్క్రీన్ మీద కనిపించేది నా మొహమే. అది నేను చూసిన మొహమే. నా పాత కెమెరాకి కంత ఉంది గానీ అది రెండిటుకల బరువు. పోయినేడు బోనాలకు దాన్ని మెడలో వేసుకుని వెళ్లి, పదో ఫోటోకి మణికట్టు చచ్చుబడి, ఇస్త్రీ దుకాణం అరుగు మీద చతికిలబడ్డాను. నలభై ఏళ్లుగా అదే అరుగు మీద నిలబడి ఊరేగింపు తీసినవాణ్ని. ఇస్త్రీ అతను పాపం మంచినీళ్లిచ్చి, "ఇగ చాలు బాపూ" అన్నాడు. ఆ "చాలు" నాకింకా చెవిలో ఉంది. చిన్న కెమెరా, దానికి కంత, ఈ రెండూ కలిసినదొక్కటే నన్ను మళ్లీ ఆ అరుగెక్కించగలదు. ఆ కంపెనీ పాత మోడల్ కొందామంటే తయారీ ఆపేశారు, ఉన్నవాళ్లు వదలరు. ఏడాదిగా కొత్తదాని కోసమే కాచుకుని ఉన్నాను.

అయినా పద్ధతి పద్ధతే. చెక్క కోశాను. సేటు తూచాడు. మూడువందల నలభై గ్రాములు, బద్ద ఎక్కువ లేదు, తక్కువ లేదు.

మొదటి వారం ఆటో భాయ్ మోశాడు. "చాచా, కాకీ జేబుల మంచిగ వడ్తుంది. గానీ చౌరస్తాల పోలీసాయన ఆపి, జేబుల ఏంది అన్నడు. కెమెరా అన్న. చేతులకు తీస్కోని వాసన జూసి, టేకు అన్నడు."

రెండో వారం సేటు. "తలకాయ కింద పెట్టుకోని పండినా ఒత్తలే," అన్నాడు. కెమెరాను దిండు కింద ఎందుకు పెట్టుకోవాలో ఎవరం అడగలేదు.

మూడో వారం సిస్టరమ్మ. ఆమె కాస్త ఆలోచించే చెప్పింది. "అన్నా, బరువు మంచిగనే ఉన్నది. గానీ నలభై ఏండ్లు నేను థర్మామీటర్‌ను చెయ్యి చాపి గిట్ల దూరం వెట్టి సదివిన. మల్ల ఇప్పుడు పిట్టను గూడ గట్లనే సూడాల్నంటె, దానికి జ్వరమొచ్చినట్టే అనిపిస్తది."

నాలుగో వారం నాది. నేను వారమంతా చెక్కను కంటికి ఆనించి తిరిగాను. ఏమీ కనబడలేదు. అదే చెప్పాను.

తీర్పు రోజున ముగ్గురూ "బాగున్నది" అన్నారు. సిస్టరమ్మ కూడా! "నాకు కంత లేకున్నా నడుస్తది, నీకు నడువది, గంతే గదన్నా" అని ఓదార్చబోయింది. నాకది ఇస్త్రీ అతని మంచినీళ్లలాగే తగిలింది.

ఇంటికి వెళ్లి చెక్కను బల్లకు బిగించి, ఎడమ వైపు పైమూలన, పాతదానికి ఎక్కడుండేదో సరిగ్గా అక్కడ, ఈ పక్క నుంచి ఆ పక్కకు కంత తొలిచాను. అంచుకు సైకిల్ ట్యూబు ముక్క అంటించాను, కళ్లద్దాలకు గీత పడకుండా. మరుసటి ఆదివారం బల్ల మీద పెట్టాను.

సేటు ముందు కాటా తీశాడు. మూడువందల ముప్ఫైయేడు!

"గిది మోసం అన్నా. బరువు తగ్గింది."

"ఏమన్నవ్? మళ్ల అను."

"బరువు తగ్గింది అన్న. మూడు గ్రాములు."

"భాయ్, విన్నవు గదా. సిస్టరమ్మా, నువ్వు గూడ విన్నవు. కంత వెడితే బరువు పెరుగుతదని వాళ్లు తీసేసిండ్రు. కంత వెడితే బరువు తగ్గుతదని సేటు కాటా చెప్తున్నది."

ఆటో భాయ్ బస్తా మీద పడి నవ్వుతున్నాడు. ఈ వాదనలో ఎక్కడో లొసుగు ఉందని నాకూ తెలుసు. కానీ అది ఎక్కడుందో చెప్పాల్సిన పూచీ నాది కాదు, కంపెనీది. ఇక సేటు విషయానికొస్తే, వ్యాపారి వ్యాపారే, తక్కువ తూకం కాటా మీద చూడలేడు. మరమేకు విప్పి, గొణుక్కుంటూనే చిటికెడు కందిపప్పు వేసి మూడువందల నలభై చేశాడు.

కంపెనీకి నాకు తెలిసిన ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. "కంత తొలగించరాదు" అని మొదలుపెట్టాను. ఈమెయిల్‌గా పంపింది ఆటో భాయ్. రెండు నిమిషాల్లో జవాబు. మీ అభిప్రాయం మాకెంతో విలువైనదట. నా ఉత్తరం చదవడానికే నాలుగు నిమిషాలు పడుతుంది! రెండో ఉత్తరానికీ అదే జవాబు, కామాతో సహా. మూడోదానికి, మా సమాధానంతో మీరు తృప్తి చెందారా, ఐదు చుక్కల్లో ఎన్నిస్తారు అని అడిగారు. ఏ సమాధానంతో?

ఈలోగా బోనాలొచ్చాయి. కెమెరా లేదు. పాతది మెడలో వేసుకునే ధైర్యం లేదు. బయల్దేరేటప్పుడు చెక్క జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానంటే చెప్పలేను, అలవాటు. సిస్టరమ్మ కూడా వచ్చింది.

ఇస్త్రీ అతను నన్ను చూసి అరుగు మీద బట్టల మూటలు జరిపాడు. "కూసో బాపూ," అన్నాడు. కూర్చోలేదు. డప్పులు దగ్గరికొస్తున్నాయి. చెక్క తీసి కంటికి ఆనించాను, మోచేతులు డొక్కలకు అదిమాను. చెయ్యి ఆగింది. కంతలో నుంచి ముందు వేపాకులు కనిపించాయి, తర్వాత బోనం మీద దీపం, దాని కింద చెమట పట్టిన ఒక నుదురు. ఏదీ వణకలేదు. బొటనవేలు దానంతటదే చెక్క మీద నొక్కుతోంది, మీట ఉన్నట్టే.

అంతలో ఊరేగింపు ముందు ఎగిరే పోతరాజు నన్ను చూశాడు. ఒళ్లంతా పసుపు, చేతిలో కొరడా. మామూలు రోజుల్లో మా గల్లీ చివర కోళ్ల దుకాణం అతనిదే. నేరుగా అరుగు ముందుకొచ్చి, కళ్లురిమి, కొరడా పైకెత్తి అలాగే నిలబడ్డాడు. నేను నొక్కాను. ఇటు తిరిగి నిలబడ్డాడు. నొక్కాను. నాలుక బయటపెట్టాడు. అదీ నొక్కాను. పక్కన సిస్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"చూపెట్టు తాతా," అన్నాడు.

అబద్ధం ఆడటానికి నాకు సాధారణంగా సమయం పడుతుంది. ఆ రోజు పట్టలేదు. "గిది రీలు కెమెరా బిడ్డా. కడగాలె."

"కడిగినంక మా దుకాన్‌ల ఇయ్యి," అని ఎగురుకుంటూ పోయాడు.

సిస్టరమ్మ కొంగు తీసి, "ఏందన్నా గిది, పాపం గాదా?" అంది.

"కంత లేని కెమెరా అమ్ముడు పాపం గాదు గని, కెమెరా లేని కంతల చూసుడు పాపమా?"

"తూ," అంది. తర్వాత చెయ్యి చాచింది. "ఇటియ్యి, నేను గూడ జూస్త."

చూసింది. చాలాసేపు ఇవ్వలేదు. ఇచ్చేటప్పుడు, "ఆ రోజు నేను బాగున్నదన్న గదా, అది వాపస్ తీసుకుంటున్న," అంది.

ఆ మర్నాడే చెక్కను గుడ్డలో చుట్టి, మూడు ఉత్తరాలూ మళ్లీ నా చేతిరాతలో రాసి, కంపెనీ పెద్దాఫీసుకు రిజిస్టర్డ్ పార్సెల్ చేశాను. పోస్టాఫీసు కౌంటర్లో అమ్మాయి ఊపి చూసింది.

"ఏమున్నది తాతా లోపల?"

"కెమెరా."

"పని చేస్తదా?"

"సగం చేస్తది."

ఆ తర్వాత జవాబు కోసం చూడటం తప్ప పని లేకపోయింది. కోళ్ల దుకాణం ముందు నుంచి వెళ్లడం మానేసి చుట్టూ తిరిగి పోతున్నాను. అయినా ఒకరోజు దొరికిపోయాను. "ఫోటోలు కడుగుడు అయిందా తాతా?" అన్నాడు. "నీళ్లు వస్తలెవ్వు," అన్నాను. ఛత్రినాకలో ఈ మాట ఎవరైనా నమ్ముతారు.

బతుకమ్మ పండుగ దాటాక కవరొచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఆదివారం దుకాణంలో ముగ్గురి ముందూ చదివి, తెలుగులో చెప్పాను. సేటు మొదటిసారి నా మాటకు అడ్డు రాలేదు. రెండోసారి చదవమని అడిగింది కూడా అతనే. అందులో ఇలా ఉంది:

"అయ్యా, మీ మూడు ఉత్తరాలూ, చెక్క కెమెరా అందాయి. ఆలస్యానికి మన్నించండి. లోపల గలగలమనేది ఏమిటో తేలేదాకా మా భద్రతా సిబ్బంది దాన్ని గేటు దాటనివ్వలేదు. కందిపప్పు అని తేలింది. కంత పెడితే బరువు తగ్గుతుందన్న మీ వాదనకు మా దగ్గర జవాబు లేదు. రాబోయే మోడల్ గురించి చెప్పే అధికారం నాకు లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. మీ చెక్కను మా మీటింగు బల్ల మీద పెట్టుకున్నాం. వచ్చినవాళ్లు ఎవరైనా దాన్ని చేతిలోకి తీసుకోగానే, ఎవరూ చెప్పకుండానే, కంటికి ఆనించుకుంటున్నారు. కంత తీసేయమన్న మా పెద్దాయన కూడా ఆనించుకున్నారు. ఆయన మిమ్మల్ని అడగమన్నారు: దీన్ని తిరిగి పంపమంటారా, ఇంకొన్నాళ్లు మా దగ్గర ఉంచుకోమంటారా?"