సలీం పాస్

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. లైబ్రరీలో మనస్తత్వశాస్త్రం అల్మారా మొత్తం చదివినదాన్ని. భయం ఎలా పుడుతుందో హాస్టల్ అమ్మాయిలకు నేనే వివరించేదాన్ని.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసినా ఉద్యోగం రాలేదు. పంజాగుట్టలో ఒక చిన్న మ్యూజియంలో చేరాను. దాని యజమాని, సాఫ్ట్‌వేర్‌లో బాగా సంపాదించిన మా సారు, విదేశీ రాక్ బృందాల పర్యటనల గుర్తులు సేకరించేవారు. టీషర్టులు, పోస్టర్లు, విరిగిన డ్రమ్ము పుల్లలు. వాటిని రిజిస్టర్‌లో ఎక్కించడం నా పని. చేరినప్పుడు నాకు ఆ సంగీతంలో ఓనమాలు కూడా రావు. ఆరు నెలలు చదివి నేర్చుకున్నాను.

మ్యూజియంలో లైట్లు, స్పీకర్లు అమర్చే సలీం ఒక్క పుస్తకం తెరవలేదు. కానీ బెంగళూరులో ఒక పెద్ద కచేరీకి సౌండ్ పనికి వెళ్లొచ్చాడు. ఆ సంగతి మొదలుపెడితే, టీ చల్లారిపోయినా సారు కదిలేవారు కాదు. నేను చెబితే గడియారం చూసుకునేవారు.

“పుస్తకంల స్పీకర్ బేస్ గుండెకు తాకుతదా అక్కా?” అని నవ్వేవాడు సలీం. నేనూ నవ్వేదాన్ని. పైకి మాత్రమే.

మ్యూజియం ప్రారంభం రోజు అతిథులకు మా ఇద్దరిలో ఎవరు బాగా వివరిస్తే వాళ్లే మ్యూజియం బాధ్యత చూసే క్యూరేటర్ అన్నారు సారు.

బెంగళూరు కచేరీలో పనివాళ్లకిచ్చిన, తను మెడలో వేసుకున్న పాస్‌ను సలీం మ్యూజియానికి ఇచ్చాడు. వస్తువు ఇచ్చినవాళ్ల జ్ఞాపకాన్ని వాళ్ల మాటల్లోనే రిజిస్టర్‌లో రాసుకోవడం మా పద్ధతి. అతను చెప్పబోతుంటే, తర్వాత రాస్తాలే అని పంపేశాను. ఆ గడి కావాలనే ఖాళీగా వదిలేశాను. అందరూ భోజనానికి వెళ్లాక, గ్లౌజులు తీసేసి, ఆ పాస్ నా మెడలో వేసుకున్నాను. ఒక్క నిమిషం. ఏమీ జరగలేదు.

రెండు రోజుల తర్వాత పంజాగుట్ట చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉంటే, వాన గుర్తొచ్చింది. ఊహ కాదు, జ్ఞాపకమే. బురదలో కేబుల్ చుట్ట మోస్తున్నాను. పాస్ అడ్డుపడుతుంటే పళ్లతో పట్టుకున్నాను. నోట్లో ప్లాస్టిక్ రుచి. పక్కన ఒక లావుపాటి మనిషి తన లుంగీ విప్పి స్పీకర్ మీద కప్పుతున్నాడు.

సలీం కబుర్లే తలలో అల్లుకున్నాయనుకున్నాను. అలా జరుగుతుందని చదివాను కూడా. కానీ లుంగీ సంగతి అతను ఏనాడూ చెప్పలేదు.

ప్రారంభం రోజు సలీం మైకు ముందు నిలబడ్డాడు. “బెంగళూరు పోయిన...” అని ఆగాడు. అద్దాల పెట్టెలో ఉన్న పాస్ వైపు చాలాసేపు చూశాడు. “పోయినట్టున్న. గంతే” అని దిగిపోయాడు. జనాన్ని చూసి బెదిరాడనుకున్నారు అందరూ.

సారు నన్ను పిలిచారు. నేను చదివిందొక్కటీ చెప్పలేదు. వాన చెప్పాను, బురద చెప్పాను, లుంగీ చెప్పాను. సారు గడియారం చూసుకోలేదు.

తర్వాత ఒక లావుపాటి పెద్దాయన దగ్గరికొచ్చాడు. సలీంతో ఆ కచేరీకి పనిచేశాడట. “గా లుంగీ ముచ్చట ఎవ్వల్కి చెప్పనని సలీం నాకు ఒట్టేసిండు. నీకెట్ల ఎరుకమ్మా?” అన్నాడు.

క్యూరేటర్ ఉద్యోగం నాకే వచ్చింది.

అతిథులు వెళ్లిపోయాక సలీం వచ్చాడు. “మస్తు చెప్పినవ్ అక్కా. నువ్వు సుత పోయినవా ఆడికి?” అని అడిగాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.

“వెళ్లాను” అన్నాను.

ఇదంతా ఎలా జరిగిందో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. ఆ మాట అన్నప్పుడు అబద్ధం చెబుతున్నట్టు మాత్రం నాకు అనిపించలేదు.