మూగవాడి పేరు ఎవరికి తెలుసు

కోసిగి విశ్వాసమ్మ మొగుడు ఏసేపు పుట్టుమూగ. 2009 ఎండాకాలంలో బెంగుళూరుకు కూలికి పోయి, అక్కడ తోటివాళ్ళ నుంచి తప్పిపోయాడు. ఆదోనిలో నెట్ సెంటర్ నడిపే శెట్టిగారి కూతురు అమూల్య జాలిపడి, అతని వివరాలన్నీ కన్నడంలో రాసి ఇంటర్నెట్‌లో పేజీ పెట్టింది. రెండు నెలలైనా ఒక్క ఫోనూ రాలేదు.

"వెతికినోళ్ళకు మన పేజీ నలభైసార్లు కనబడిందంట పెద్దమ్మా. నొక్కి లోపలికొచ్చినోళ్ళు ఒక్కరూ లేరు."

"బయటికి ఏం కనబడతాదో సదువు పాపా."

"'కోసిగి ఏసేపు ఆచూకీ' అని ఉండాది."

విశ్వాసమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ సదువు కాల! సంతలో నేను 'విశ్వాసమ్మా, విశ్వాసమ్మా' అని అరిస్తే నా వంకాయలు ఎవురు కొంటారు? మూగోడు తన పేరు ఎవురికి చెప్తాడు? సూసినోళ్ళకు తెలిసేది రాయి. మూగోడు, ఎడమచేతి మీద సిలువ పచ్చబొట్టు."

అమూల్య బయటికి కనబడేచోట ఆ మాటలే పెట్టింది. నాలుగో రోజు బెంగుళూరు నుంచి ఒక ఆసుపత్రి గుమాస్తా ఫోన్ చేశాడు. ఆ పచ్చబొట్టు మనిషి జ్వరంతో చేరి, నెల కిందట పోయాడట. సిలువ చూసి పూడ్చిపెట్టారట. అతను బతికుండగానే గుమాస్తా 'తప్పిపోయిన మూగవాడు' అని వెతికాడట. ఈ పేజీ కనబడింది కానీ, ఏసేపు ఎవరోలే అని తెరవలేదట.

అమూల్య వెక్కివెక్కి ఏడ్చింది. విశ్వాసమ్మ కంట చుక్క రాలేదు.

"ఏడ్సి ఏం సేస్తావు పాపా? ఫోన్ చేసిన ఆయప్పకు చెప్పు. గోరీ మీద మాత్రం పేరే ముందు రాయమను."