పాపతో తెలుగే మాట్లాడమన్నాను

ఎనభైల మొదట్లో నేను విశాఖలో భాషాశాస్త్రంలో పరిశోధన చేస్తుండేదాన్ని. రెండు భాషలున్న ఇళ్లలో పిల్లలకి మాటలెలా వస్తాయో తెలుసుకోవడానికి వన్ టౌన్‌లో ఇల్లిల్లూ తిరిగేదాన్ని.

అక్కడ ఒక దర్జీ గారి భార్య మెహరున్నీసా, తన నాలుగేళ్ల కూతురు షమీమ్ గురించి దిగులుపడింది. "ఉర్దూ, తెలుగూ కలిపేత్తందమ్మా. రేపు బడిలో నవ్వరా?" అంది. నేను చదివిన పుస్తకాన్ని నమ్మి, "ఉర్దూ మానేయండి. పాపతో తెలుగే మాట్లాడండి" అని గట్టిగా చెప్పాను.

మూడు నెలల తర్వాత వెళ్తే, గలగలా మాట్లాడే షమీమ్ అసలు నోరే విప్పలేదు. పిల్లల చేత మాట్లాడించడానికి నేను తీసుకెళ్లే బొమ్మలు చూపించినా తల దించుకుంది. ఏమైందని తల్లిని అడిగాను.

"నాకొచ్చింది బజారు తెలుగమ్మా. బేరమాడగల్ను గానీ, పిల్లని ముద్దు సేయడం ఆ మాటల్లో నాకు రాదు. తప్పులు నేర్పుతానేమోనని దాంతో మాటాడ్డమే తగ్గించీసినాను."

"తప్పు నాదండీ. మీ ఉర్దూలోనే పిలవండి" అన్నాను.

ఆవిడ పిల్లని ఒళ్లోకి తీసుకుని "మేరీ జాన్" అని ముద్దుగా పిలిచిందో లేదో, షమీమ్ ఉలిక్కిపడి అరచేత్తో తల్లి నోరు మూసేసింది.

మెహరున్నీసా బావురుమంది. "దాని నోట ఉర్దూ వత్తే నాను ఇలాగే మూసీదాన్నమ్మా. మీరు సదువుకున్నోరు కదాని..."

తర్వాత నా బొమ్మలన్నీ మా ఇంట్లోనే వదిలేసి, వారం వారం వెళ్లి వాళ్ల దగ్గర ఊరికే కూర్చునేదాన్ని. షమీమ్ మళ్లీ నోరారా మాట్లాడటానికి ఏడాది పైనే పట్టింది. ఆ తల్లీకూతుళ్ల కబుర్లు ఒక్క పూటైనా వినకుండానే అంత పెద్ద సలహా ఇచ్చినందుకు, ఇన్నేళ్లయినా నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.