సల్మాబాద్‌లోకెల్లా చల్లని అంబులెన్స్

సల్మాబాద్ మొత్తంలో మా అంబులెన్స్ అంత చల్లని బండి ఇంకోటి లేదు. ఆ ఘనత పూర్తిగా నాదే. రెండేళ్ళ కిందటి ఎండాకాలం మాట. బహ్రెయిన్‌లోని ఈ సల్మాబాద్‌లో ఒక ప్రైవేటు క్లినిక్ అంబులెన్స్‌లో నర్సు డ్యూటీ నాది. తణుకులో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. చెప్పిన ధరకే ఏదైనా కొంటే ఆ పూట అన్నం సహించదు. బండి ఏసీ పాడైనప్పుడు గ్యారేజీ అతన్ని విసిగించి విసిగించి, మామూలు రిపేరు డబ్బుకే పెద్ద వ్యానుకు వాడే, చల్లగాలి కొట్టే బ్లోయరు బిగించుకొచ్చాను. ఈ దేశంలో దుప్పట్లు దేనికని వాటిని క్లినిక్‌లో దింపేసి, ఆ అరలో మంచినీళ్ళ సీసాలు సర్దాను. నా తెలివికి డ్రైవరు రఫీక్ భాయ్ కూడా ముచ్చటపడ్డాడు.

ఆగస్టులో ఒక పొద్దున, కొత్తగా కడుతున్న గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది. జగిత్యాల వైపు నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న గంగాధర్, గోడ చుట్టూ కట్టిన స్కాఫోల్డింగ్ మీంచి పడ్డాడు. ఇనుప రేకు అంచు అతని తొడను గజ్జకు దగ్గరగా కోసేసింది. మేం వెళ్ళేసరికి బట్టలన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. అతని బావ లచ్చన్న గాయాన్ని టవలుతో అదిమిపట్టి కూర్చున్నాడు.

"ఎండకు సొమ్మసిల్లి పడ్డడనుకున్నం సారూ. డబ్బలున్న ఐసు నీళ్ళన్నీ మీద గుమ్మరించినం. రక్తం ఎన్క జూసినం."

వాళ్ళను తప్పుపట్టలేను. ఎండల్లో ఎవరు పడినా ముందు చల్లటి నీళ్ళు పోయమని ఆ సైటులో నేర్పింది నేనే.

మోకాలి దగ్గరైతే టోర్నికే వేసేవాణ్ణి. అంటే గాయానికి పైన బిగించే పట్టీ. గజ్జ దగ్గర దానికి చోటు లేదు. గాయంలోకి గాజ్ గుడ్డ కూరి గట్టిగా అదిమాను. క్లినిక్ డాక్టరును ఫోన్లో అడిగి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇచ్చాను. అది కొత్తగా గడ్డ కట్టించదు, కట్టిన గడ్డను కరిగిపోకుండా కాపాడుతుంది. సెలైన్ కొద్దిగానే వదిలాను. ఎక్కువైతే పాలలో నీళ్ళు కలిపినట్టే, రక్తం పలచబడి గడ్డకట్టే గుణం పోతుంది.

ఇన్ని చేసి, లచ్చన్నతో సహా బండెక్కించి ఆసుపత్రికి బయల్దేరాక రక్తం నెమ్మదించాలి. నెమ్మదించలేదు. గాజ్ కింద నుంచి పలచగా కారుతూనే ఉంది. సూది గుచ్చిన చోట కూడా ఊరుతోంది. నాకేమీ అర్థం కాలేదు. నా చెయ్యి సరైన చోట లేదా? లోపల ఇంకెక్కడైనా తెగిందా? రక్తం పలచబరిచే మాత్రలేమైనా వాడతాడా? వీసాకు చేసే మెడికల్ పరీక్షలో ఫెయిలైతే ఇంటికి పంపేస్తారని కొందరు జబ్బులు దాస్తారు. లచ్చన్నను అడిగాను. లేవన్నాడు. దొంగనోటును తిరగేసి చూసినట్టు ఇంకోసారి తిప్పి అడిగాను.

"గోలీలేం లెవ్వు సారూ. సర్దయితే మిరియాల చాయ్ తాగుతడు, గంతే."

గంగాధర్ పళ్ళు టకటకలాడుతున్నాయి. "సలి వెడ్తుందన్నా. రగ్గు గప్పు."

"ఈ ఎండలో రగ్గెవడిస్తాడయ్యా" అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని. రక్తం పోయినవాళ్ళకు చలి వేయడం మామూలే కదా అని, ఇక దాని సంగతి ఆలోచించలేదు.

సగం దారి దాటాక సెలైన్ సంచి సరిచేయబోతే, ఐసుపెట్టెలోంచి తీసిన సోడా సీసాలా చేతికి తగిలింది. ఏసీ గాలి సూటిగా దాని మీదికే కొడుతోంది. గంగాధర్ పొట్ట మీద చెయ్యి పెట్టాను. అదీ అంతే. ఒళ్ళు చల్లబడితే రక్తం గడ్డకట్టదని పరీక్షల్లో రాసి పాసైనవాణ్ణి. ఆ పాఠం బహ్రెయిన్ ఆగస్టుకు కూడా వర్తిస్తుందని తట్టలేదు.

ఏసీ ఆపమన్నాను. ఉడికి చస్తామని రఫీక్ భాయ్ సగానికి తగ్గిస్తానన్నాడు. జన్మలో మొదటిసారి బేరం ఒప్పుకోలేదు. ఏసీ ఆగింది, హీటరు తిరిగింది. సెలైన్ కట్టేసి, తడి బట్టలు కత్తిరించి తీసేశాను. కప్పడానికి అరలో నీళ్ళ సీసాలున్నాయి. లచ్చన్న తలకు చుట్టుకున్న రుమాలు విప్పి గంగాధర్ తలకు చుట్టాడు, చొక్కా విప్పి ఛాతీ మీద పరిచాడు. నేనూ నా యూనిఫాం చొక్కా తీసి దాని మీద వేశాను.

"కండ్లు మూస్తివంటే మీ అక్కకేం జెప్పాలెరా" అని లచ్చన్న అతని చెంప తడుతూనే ఉన్నాడు. "నాకు బువ్వ వెట్టది. కండ్లు తెర్వు."

ఆసుపత్రి గుమ్మంలో బనీన్లతో, చెమటలు కారుతూ దిగాం. కారడం కాస్త నెమ్మదించినట్టే ఉంది. వేడి తగిలినందుకో, ఇంజెక్షన్ పట్టినందుకో, కారడానికి మిగిలింది తక్కువైనందుకో, ఇప్పటికీ చెప్పలేను.

గంగాధర్ బతికాడు. కాలు నిలిచింది గానీ పూర్తిగా వంగదు. ఇప్పుడు కంపెనీ స్టోరులో సామాన్ అందిస్తాడు. మా ఏసీ వల్ల ఎంత నష్టం జరిగిందని ఆసుపత్రి డాక్టరమ్మను అడిగితే, ఎవరు మాత్రం చెప్పగలరంది. దుప్పట్లు మళ్ళీ అరలోకి వచ్చాయి. రక్తం కారే మనిషిని ఎక్కించేముందే ఏసీ ఆపేస్తాం. సైటులో పాఠం కూడా మార్చాను: ముందు రక్తం చూడండి, తర్వాతే నీళ్ళు.

ఇక ఆ రోజు తప్పుల బిల్లు. ఇనుప రేకు వాటా పెద్దది, అది నాది కాదు. ఐసు నీళ్ళ పాఠం నాది. బ్లోయరు నాది. దుప్పట్లు దింపింది నేను. చలి అంటే హాస్యమాడిందీ నేనే. ఏసీ ఆపించినందుకు ఇందులో కొంత తగ్గించుకోవచ్చా అని చాలాసార్లు ఆలోచించాను. తగ్గించుకోలేదు.